పడవ చివర ఎంగిలాకుల చోటు

కార్తీక వనభోజనానికి ఎవరిని పిలవాలి, ఎవరిని పిలవక్కర్లేదు అని మా ఇంట్లో ఏటా పెద్ద రగడ జరిగేది. మా అత్త విషయంలో మాత్రం ఏ రగడా ఉండేది కాదు. ఆవిడ రావాల్సిందే. ఆవిడ రాకపోతే ఎంగిలి విస్తళ్ళు ఎవరెత్తుతారు?

ఇది నేను వెటకారానికి రాస్తున్న మాట కాదు. మా పెద్దమ్మ ఈ మాట పదిమందిలో, అత్త వింటుండగానే, కందకి పులుపు ఎంత వెయ్యాలో చెప్పినంత మామూలుగా అనేది. అత్త మా నాన్నకి అక్క. పెళ్ళయిన కొత్తలోనే భర్త పోతే జగ్గయ్యపేటలో పుట్టింటికి తిరిగొచ్చింది. నాకు బుద్ధి తెలిసేటప్పటికి మా ఇంట్లో ఆవిడకి తినడానికి లోటు లేదు, పనికి అసలే లోటు లేదు. శుభకార్యాల్లో మాత్రం వడ్డించే చోట కనిపించకూడదు, బయల్దేరే చోట ఎదురు రాకూడదు. ఇంతమంది ఉన్న ఇంట్లో ఒక మనిషి ఎవరికీ ఎదురు పడకుండా బతకడం ఎంత కష్టమో ఎవరూ ఆలోచించలేదు. ఆవిడే ఆలోచించుకుని, ముందే పక్కకి తప్పుకునేది.

మాది బజార్లో కొట్టు. కిరాణా సరుకుతో పాటు మోదుగాకు విస్తళ్ళ కట్టలు టోకున అమ్మేవాళ్ళం. డెబ్భైల్లో చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి జరిగితే విస్తళ్ళు మా కొట్లోంచే వెళ్ళేవి. కార్తీకమాసంలో ఒక ఆదివారం కొట్టు మూసి, చుట్టాలందరం బండ్లు కట్టుకుని కృష్ణ రేవుకి పోయేవాళ్ళం. అక్కడ పెద్ద పడవ మాట్లాడుకుని, ఎదురు నీళ్ళలో గడలు వేయించుకుంటూ అవతలి ఒడ్డున ఉన్న ఉసిరి తోపుకి చేరేవాళ్ళం. అవతలి ఒడ్డు గుంటూరు జిల్లా. పొద్దున ఫలహారం పడవలోనే, భోజనం ఉసిరి చెట్ల కింద, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఉడకబెట్టిన వేరుసెనక్కాయలు, కమలాపళ్ళు మళ్ళీ పడవలోనే.

అంతమంది తిని తాగితే చెత్త ఎంత పోగవుతుందో చెప్పక్కర్లేదు. అదంతా ఏట్లో పారేస్తే సరిపోయేది. కానీ మా నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ అది కుదరలేదు. కార్తీకంలో కృష్ణమ్మ ఒంటి మీద ఎంగిలి పడకూడదని ఆవిడ శాసనం. ఎంగిలాకు మాట అటుంచి, ఉమ్మడానికి కూడా వీల్లేదు. మా పెదనాన్న నోట్లో కిళ్ళీ లేకుండా అడుగు వేసే మనిషి కాదు. పడవ ఎక్కాక ఆ కిళ్ళీ ఊట మింగలేక, ఉమ్మలేక, బుగ్గ ఉబ్బించుకుని ఒడ్డు ఎప్పుడొస్తుందా అని చూస్తుండేవాడు. ఆయన్ని ఎవరు ఏమడిగినా తల ఊపడమే. ఊళ్ళో అంత నోరున్న మనిషి నోరు మూసుకుని కూర్చునేది ఏడాదిలో ఆ ఒక్క పూటే.

చెత్త ఏట్లో పడకూడదు కాబట్టి పడవలోనే తిరిగి రావాలి. పడవ ముందు వైపు ఇత్తడి పళ్ళెంలో శివలింగం ఉంటుంది, కాబట్టి ఎంగిలి వెనక చివర ఉండాలి. అక్కడ అప్పటికే మా అత్త ఉండేది. మేం బయల్దేరేటప్పుడు ఆవిడ ఎదురు పడకుండా అందరికంటే ముందు బండిలో పంపించి, పడవ చివర కూర్చోబెట్టేవారు. ఎవరికీ ఎదురు పడకూడని మనిషీ, ఎవరూ ముట్టుకోకూడని ఎంగిలీ ఒకే మూలకి చేరాయి. మా వాళ్ళకి స్థలం కలిసొచ్చింది.

అలా పడేసిన చోటే అత్త ఒక రాజ్యం నడిపింది. నాకు ఆవిడంటే ఇష్టం అందుకే. ఆవిడ మెత్తటి మనిషి కాదు. నోరు మంచిది కాదు. ఎంగిలాకులకి ఒక వెదురు తట్ట, మిగతా చెత్తకి ఒక యూరియా సంచి పక్కన పెట్టుకుని, పోలీసులా కాపలా కాసేది. పిల్లలెవరైనా కమలా తొక్క పట్టుకుని పడవ అంచు దగ్గరికి జరిగితే చాలు, "ఆ తొక్క ఇటు పట్రా. ఏట్లో వేశావంటే నిన్ను కూడా దాని వెనకే వేస్తా" అని అక్కణ్ణించే కేకేసేది. పెద్దవాళ్ళు కూడా ఆవిడకి భయపడి వేరుసెనగ పొట్టు ఒళ్ళో పోగు చేసుకుని తెచ్చి ఇచ్చేవాళ్ళు.

విస్తళ్ళు ఎత్తేటప్పుడు ఒక్కో ఆకునీ చూసేది. ఎవరు ఏం వదిలేశారో ఆవిడకి తెలియాలి. కొత్తగా పెళ్ళయి మా ఇంటికొచ్చిన ఒక కోడలితో ఓసారి, "మీ ఆయనకి కంద పడదే. పదిమందిలో చెప్పడానికి మొహమాటం, ఆకు మడతలో దాస్తాడు. ఇంటి దగ్గర వండకు" అని చెప్పింది. ఆ పిల్లకి అప్పటిదాకా తెలియదట. మా ఇంట్లో ఎవరికి ఏ కూర ఇష్టమో, ఎవరికి ఆకలి మందగించిందో వండేవాళ్ళకంటే ఎత్తే ఆవిడకే బాగా తెలిసేది.

తిరిగి రేవులో దిగాక ఆ చెత్త ఒక్కటీ వృథా పోయేది కాదు. అన్నం మెతుకులున్న ఆకులు రేవు పక్కన గేదెలున్న ఇంటికి ఇచ్చేది. కొబ్బరి చిప్పలు మా వీధిలో ఇస్త్రీ చేసే ఆయనకి బొగ్గులకి. గోలీసోడా సీసాలు సోడా కొట్టుకి. కమలా తొక్కలు మా మేడ మీద ఎండి, సున్నిపిండిలో కలిసేవి. పిండేసిన నిమ్మచెక్కలతో మర్నాడు ఇత్తడి సామానంతా తోమేది. వనంలో పొయ్యిలోని బూడిద కూడా మూట కట్టి తెచ్చేది, అంట్లకి. మేం దిగేసరికి ఆ పడవ కడిగిన కంచంలా ఉండేది. పడవ నడిపే ఆయన మరుసటి ఏడు ఎవరొచ్చి అడిగినా మా ఆదివారం ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

అందరి ఆకులూ ఎత్తాక, తిరుగు పడవలో అత్త భోజనం. గిన్నెల్లో మిగిలినవన్నీ ఒకే ఆకులో పెట్టుకుని, పడవ చివర మాకు వీపు పెట్టి, ఏటి వైపు తిరిగి తినేది. పులిహోర, కందబచ్చలి, ఉసిరికాయ పచ్చడి, బూరెలు. తొందర లేకుండా తినేది. తిన్నాక ఎడమ చెయ్యి నీళ్ళలో వేలాడేసి, అలాగే రేవు దాకా ఉంచేది. మా ఇంట్లో ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకి, పేరంటాలకి, సినిమాలకి పోయేవాళ్ళు. అత్త ఏడాదికి గడప దాటి సరదాగా వెళ్ళేది ఆ ఒక్క రోజు. అందుకోసం ఆవిడ దసరా నుంచే తట్ట బాగుచేసుకోవడం మొదలుపెట్టేది. ఆ రోజు కట్టుకోవడానికి ఒక నేత చీర పెట్టెలో వేరుగా ఉండేది. ఆ పడవలో చోటు పోతే ఆవిడకి ఇంకేం మిగలదని నాకు చిన్నప్పుడే తెలుసు. అప్పుడు ఆ చోటు పోతుందని ఎవరూ అనుకోలేదు.

ఎనభైలు మొదలయ్యాక నాయనమ్మ పోయింది. ఆ కార్తీకంలో పడవ రేవు వదిలిందో లేదో, మా పెదనాన్న ఏట్లో తుపుక్కున ఉమ్మాడు. ఇన్నేళ్ళుగా ఆపుకున్నది. ఉమ్మి, అటూ ఇటూ చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. అంతే, నాయనమ్మ శాసనం అక్కడితో సరి.

కొట్టు పెదనాన్న కొడుకు, మా అన్నయ్య చేతికొచ్చింది. అన్నయ్యని చెడ్డవాడని అనలేను. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. అందరితో నవ్వుతూ మాట్లాడే మనిషి, సరుకు ఎటు తిరుగుతుందో ముందే పసిగట్టే మనిషి. మోదుగాకులు మానేసి ప్లాస్టిక్ గ్లాసులు, పల్చటి ప్లాస్టిక్ ప్లేట్లు, పాలిథిన్ కవర్లు విజయవాడ నుంచి తెప్పించడం మొదలెట్టాడు. కొట్టు ముందు ఆకుల కట్టలుండే చోట రంగురంగుల గ్లాసులు వేలాడాయి. వనభోజనం కూడా మారింది. చుట్టాలు తగ్గి, నందిగామ నుంచీ మైలవరం నుంచీ సరుకు కొనే కొట్లవాళ్ళు రావడం మొదలైంది. వాళ్ళకి తన ప్లేట్లలో వడ్డించి, తన గ్లాసుల్లో పాయసం పోయించేవాడు. గడల పడవ పోయి ఇంజను పడవ వచ్చింది. దానికి తోడు టేపురికార్డరు.

అత్త మొదటి ఏడు ఆ సామానంతా మామూలుగానే ఎత్తింది. ఇంటికి తెచ్చి, కవర్లూ గ్లాసులూ అన్నీ కడిగి దండెం మీద ఆరేసింది. పెరడంతా కవర్లు. అన్నయ్య చూసి పడీ పడీ నవ్వాడు. అవి దాచుకోవడానికి చేసినవి కావని, వాడి పారెయ్యడానికే చేశారని ఆవిడకి చెప్పాడు. పారేస్తే ఎక్కడికి పోతాయని అత్త అడిగింది. ఏట్లోకి అన్నాడు. ఏట్లోంచి ఎక్కడికి అంది. సముద్రంలోకి అన్నాడు, లారీకెత్తి పంపించినంత ధీమాగా. అత్త ఆ కవర్లలో మట్టి నింపి కరివేపాకు మొక్కలు వేసి ఇరుగుపొరుగు వాళ్ళకి పంచింది. కానీ మిగతా ప్లాస్టిక్ గేదె తినదు, పొయ్యిలో పెడితే కంపు, తోమడానికి పనికిరాదు. ఆవిడ యూరియా సంచులు పెరట్లో పేరుకుపోయాయి.

ఆ తర్వాతి ఏడు గొడవయింది. భోజనాలయ్యాక తిరుగు పడవలో కొట్లవాళ్ళలో ఒకాయన గ్లాసు ఏట్లోకి విసిరాడు. అది మునగకుండా తేలుతూ పోతుంటే సరదా పుట్టి ఇంకొకాయన విసిరాడు. కాసేపటికి అందరూ పందెం వేసుకుని మరీ విసురుతున్నారు. అత్త మొదట కేకేసింది. పాటల హోరులో వినిపించలేదో, వినిపించుకోలేదో. అప్పుడావిడ లేచి ఇంజను దగ్గరున్న మనిషిని పడవ ఆపమంది. ఆయన ఆపేశాడు. ఆవిడ తట్ట తీసుకుని, చీర కుచ్చిళ్ళు బిగించి, పడవ అంచు మీంచి వంగి ఒక్కొక్క గ్లాసూ దేవింది. వచ్చిన పెద్దమనుషులంతా ఒక ముసలావిడ తమ ఎంగిలి గ్లాసులు ఏరుతుంటే చూస్తూ కూర్చున్నారు. అన్నయ్య మొహం మాడిపోయింది. ఆ రోజు ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని నాకు తర్వాత అనిపించింది.

అప్పటికి నాకు పెళ్ళయి నందిగామ వచ్చేశాను. మరుసటి కార్తీకంలో నందిగామ నుంచి బస్సులో వచ్చిన మా అందరినీ చిల్లకల్లు దగ్గర వ్యాను ఎక్కించుకుని తిన్నగా రేవుకి తీసుకెళ్ళారు. ఇంటికి వెళ్ళలేదు. పడవ ఎక్కి చూస్తే వెనక చివర అత్త లేదు. ఆవిడ కూర్చునే చెక్క మీద టేపురికార్డరు పెట్టారు.

మా అమ్మని అడిగితే గొంతు తగ్గించి చెప్పింది. తెల్లారేసరికి అత్త తలస్నానం చేసి, నేత చీర కట్టుకుని, తట్టా సంచులూ పట్టుకుని వీధిలోకి వచ్చిందట. ముందుగా వెళ్ళాలి కదా, ఆవిడ కోసం బండి ఎక్కడని అడిగిందట. అన్నయ్య ఎదురెళ్ళి తట్ట చేతిలోంచి తీసుకున్నాడట. "నువ్వింక శ్రమపడొద్దత్తా. ఎత్తేదేం లేదు, అన్నీ వాడి పారేసేవే. హాయిగా ఇంట్లో రెస్టు తీసుకో" అన్నాడట. అత్త సరేనని లోపలికి వెళ్ళిపోయిందట. భోజనం తెచ్చిపెడతాం అని మా వదిన, అంటే అన్నయ్య భార్య, వెనక నుంచి చెప్పిందట.

నాకు ఒళ్ళు మండిపోయింది. అందరి ముందూ అన్నయ్యని నిలదీశాను. అతను నవ్వుతూనే, "ఇన్నేళ్ళు ఆవిడ చేత ఎంగిళ్ళు ఎత్తించాం, ఇప్పటికైనా తప్పించాను కదే. సంతోషించక ఏవిటీ గోల?" అన్నాడు. పక్కనున్న వాళ్ళు అవునవునన్నారు. ఆ పనిలోంచి తప్పించడమంటే పడవలోంచి తప్పించడమేనని అక్కడ ఎవరికీ తట్టలేదు. తట్టినా పైకి అనలేదు.

వదిన మాట తప్పలేదు. ఉసిరి తోపులో మేం భోజనాలకి కూర్చోకముందే అత్త వాటా తీసింది. పులిహోర, కందబచ్చలి, పచ్చడి, బూరెలు వేరువేరు కవర్లలో వేసి, దారంతో మూతులు కట్టి, అన్నీ కలిపి ఒక పెద్ద కవర్లో పెట్టింది. తిరుగు ప్రయాణంలో ఎవరి కాలూ తగలకుండా దాన్ని పడవ వెనక చివర, టేపురికార్డరు వెనకాల పెట్టింది. ఆ జాగ్రత్త నేను కళ్ళారా చూశాను.

ఆ ఏడు కొట్లవాళ్ళకి కూడా శుభ్రత మీద ధ్యాస పుట్టింది. పడవలో తొక్కలు చెల్లాచెదరుగా పడితే బాగుండదని, తిన్నవాళ్ళు తిన్నట్టు కవర్లో వేసి మూతి ముడేసి వెనక్కి అందించారు. కమలా తొక్కలు, ప్లేట్లు, గ్లాసులు, అన్నీ కవర్లలోనే. వెనక చివర కవర్ల కుప్ప అయింది. రేవు కనబడుతుండగా అన్నయ్య లేచి వెళ్ళి, కాలితో ఆ కుప్పంతా ఏట్లోకి తోసేశాడు. ఇద్దరు ముగ్గురు చెయ్యి వేశారు. తెల్లవీ నల్లవీ కవర్లు ఉబ్బి, తేలుతూ, కింది వైపు పోయాయి. కింద ఊళ్ళవాళ్ళు తాగే నీళ్ళు అవే. నేను అనబోయాను, కానీ పొద్దున్నే ఒకసారి గోల చేశానని అందరూ అప్పటికే నన్ను అదోలా చూస్తున్నారు.

ఒడ్డుకి దిగేటప్పుడు వదిన టేపురికార్డరు జరిపి చూసింది. అటూ ఇటూ చూసి, అత్తయ్యకి కట్టిన కవరేదని అడిగింది. ఏ కవర్లో ఏముందో చూసి వేరు చేసే మనిషి పడవలో లేదు కదా. ఒకాయన, చేపలకి కూడా కార్తీక భోజనం పెట్టామండి అని నవ్వాడు. నలుగురు నవ్వారు. అన్నయ్య కొంచెం నొచ్చుకున్నాడు. పోనీలే, ఇంట్లో ఏదో ఒకటి తినే ఉంటుందిలే అన్నాడు.

తిని ఉండదని అతనికి తెలుసు. వనభోజనం రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇంటిల్లిపాదీ వనంలో వండిందే తినాలి. ఇంటి పట్టునున్న వాళ్ళకి కూడా అక్కణ్ణించే రావాలి. అది పెట్టిన నాయనమ్మ పోయినా, ఆవిడ నియమాల్లో ఇదొక్కటీ మా వాళ్ళు వదల్లేదు. ఎవరికీ కష్టం లేనిది కాబట్టి.

దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాం. అత్త వంటింటి వసారాలో పీట వాల్చుకుని, ముందు అరిటాకు వేసుకుని కూర్చుని ఉంది. ఆకు కడిగి ఉంది. పక్కన మంచినీళ్ళ చెంబు. పొద్దున కట్టిన నేత చీర ఇంకా మార్చలేదు. నన్ను చూసి మొహం విప్పారింది. పిల్లలు బాగున్నారా, బస్సులో చోటు దొరికిందా అని అడిగింది. ఆ తర్వాత, కందబచ్చలి ఎలా కుదిరిందని అడిగింది. నా చేతుల వైపు చూసింది.

అబద్ధం చెబుదామనుకున్నాను. కానీ జరిగింది జరిగినట్టు చెప్పేశాను. వదిన కట్టడం, కవర్లన్నీ ఒకచోట చేరడం, అన్నయ్య తోసెయ్యడం. అంతా విన్నాక, "చెత్తతో పాటా?" అంది.

"చూసుకోలేదత్తా."

ఆవిడ అరిటాకు వైపు చూస్తూ కూర్చుంది. ఏడుస్తుందేమోనని నేను పక్కన చతికిలబడ్డాను. ఏడవలేదు. గొంతులో ఎప్పుడూ ఉండే కరుకుదనం కూడా లేదు.

"ఇన్నేళ్ళూ నన్ను మీతో పాటు భోజనానికి తీసుకెళ్తున్నారనే అనుకున్నానే" అంది.

తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. ఈ రోజు పొయ్యి వెలిగించకూడదత్తయ్యా అని వదిన గుమ్మంలోంచి గుర్తు చేసింది. అత్త ఆ మాట విననట్టే అగ్గిపుల్ల గీసింది.